ఉంచమంటారా, తీసీమంటారా: ఆపరేషన్ బల్ల దగ్గర్నుంచి వచ్చే ఫోను

(శ్రీకాకుళంలో డాక్టర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, మామూలు జనం కలిసి కూర్చున్న ఒక సాయంత్రం పాథాలజిస్ట్ మేడమ్ ఒకరు మాట్లాడింది. ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాం. మాటలు పెద్దగా సరిచెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల వినబడుతుందా అండీ? ఆ ఫ్యాన్ కింద కూర్చున్నాయన తల ఊపేరు, చాలు.

నన్ను పిలిచిన పెద్దాయన పొద్దున్న ఫోన్ చేసి, అమ్మా ఆడవాళ్ళు కూడా వస్తారు, ఆ మాట కాస్త తక్కువ వాడండి అన్నారు. ఏ మాటండీ అన్నాను. అదేనమ్మా, అదే, అన్నారు గాని ఆయన నోటికి కూడా రాలేదు. (నవ్వులు) వృషణం. అదీ మాట. పుస్తకంలో మాట లెండి, మనూళ్ళో వృషణం నొప్పి అని ఎవరూ రారు. పెద్దవాళ్ళు బీజం వాచిందంటారు, నడివయసు వాళ్ళు కింద నొప్పి అంటారు, కుర్రాళ్ళయితే అసలు ఏమీ అనరు, చీటీ చేతికిచ్చేసి నేల చూపులు చూస్తుంటారు. నేను బీజం అనే అంటాను ఇవాళ, మీకెవరికైనా ఇబ్బందిగా ఉంటే గోడ మీద క్యాలెండర్ చూడండి.

నాది పాథాలజీ. అంటే నా దగ్గరికి మనుషులు రారు, డబ్బాల్లో ముక్కలొస్తాయి. ఇరవై ఏళ్ళ పైగా ఇదే పని. మాది ఆమదాలవలస, మా అమ్మకి ఇప్పటికీ నేనేం చేస్తానో సరిగ్గా తెలీదు, ఎవరైనా అడిగితే "మా అమ్మాయి రక్తాలు చూస్తాది" అని చెప్పేస్తాది. అలాగే ఉంచేశాను.

ఇవాళ చెప్పాలనుకున్నది ఒక ఫోన్ కాల్ గురించి. ల్యాబ్‌లో ఫోన్ మోగుతుంది, ఆపరేషన్ థియేటర్ నుంచి. అవతల యూరాలజిస్ట్ చేతులకి గ్లౌజులున్నాయి కాబట్టి సిస్టర్ ఆయన చెవి దగ్గర ఫోన్ పట్టుకుంటుంది. ఆయన అడిగేది ఒకటే ముక్క. "మేడమ్, ఉంచమంటారా, తీసీమంటారా?" అక్కడ బల్ల మీద ఒక కుర్రాడు మత్తులో ఉన్నాడు. వాడి బీజంలో చిన్న గడ్డ ఉంది, అది క్యాన్సరో కాదో స్కానింగ్‌కీ తెలీలేదు, రక్తపరీక్షకీ తెలీలేదు. ఆ గడ్డ ముక్క నా చేతిలో ఉంది. నాకున్న టైము ఒక 20 నిమిషాలు.

అక్కడిదాకా ఎలా వచ్చిందో చెప్తాను ముందు.

బీజంలో క్యాన్సర్ మన దేశంలో చాలా తక్కువండి. లక్ష మంది మగవాళ్ళని తీసుకుంటే ఏడాదికి ఒకరు కూడా రారు, నార్వే డెన్మార్క్ లాంటి చోట్ల పదిమంది దాకా వస్తారు. ఎందుకో ఇప్పటికీ ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు. గాని వచ్చిందంటే వయసు కుర్రాళ్ళకే వస్తుంది, పదిహేను నుంచి నలభై లోపు, ఉద్యోగం వెతుక్కునే వయసు, సంబంధాలు చూసే వయసు. చిన్నప్పుడు బీజం కిందకి దిగకుండా పొట్టలోనో గజ్జల్లోనో ఉండిపోయిన వాళ్ళకి రిస్క్ ఎక్కువ. మంచి విషయం ఏటంటే నయమయ్యే క్యాన్సర్లలో ఇది ముందు వరసలో ఉంటుంది. 1974లో అమెరికాలో ఇండియానా యూనివర్సిటీలో ఐన్‌హార్న్ అనే డాక్టరు సిస్‌ప్లాటిన్ మందుని ఇంకో రెండు మందులతో కలిపి ఈ జబ్బు మీద వాడటం మొదలుపెట్టారు. అంతకుముందు ఒళ్ళంతా పాకిపోయినవాళ్ళలో ఎక్కువమంది దక్కేవాళ్ళు కాదు, ఆ తర్వాత ఎక్కువమంది బతకడం మొదలయింది. మన యువరాజ్ సింగ్‌కి ఛాతీలో వచ్చిందే, అది కూడా ఈ కుటుంబం గడ్డే, పుట్టిన చోటు వేరు అంతే. ఆయన కూడా ఆ ఐన్‌హార్న్ దగ్గరికే ఇండియానాపొలిస్ వెళ్ళారు, 2012లో మందు పూర్తిచేసుకుని అదే ఏడాది సెప్టెంబర్‌లో మళ్ళీ ఇండియాకి ఆడేరు. ఆ, ఇక్కడ చప్పట్లు కొట్టొచ్చు. (చప్పట్లు)

సిస్‌ప్లాటిన్ అన్నాను కదా, మనకి దాంతో ఒక బెంగ ఉంది. అది కిడ్నీల మీద పడే మందు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు నుంచి, కవిటి, సోంపేట, మందస నుంచి వచ్చే కుర్రాడికి ఆ మందు ఎక్కించాలంటే క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, ఒకటికి రెండుసార్లు చూసుకోవాల్సిందే. మన జిల్లాకి ఉన్న కష్టాలు ఒకదానికొకటి తగులుకుంటూ ఉంటాయి.

ఇంకోటి కూడా ఉంది, బోదకాలు. ఇక్కడ కూర్చున్న టెక్నీషియన్లలో పెద్దవాళ్ళు రాత్రి పది దాటాక టార్చి పట్టుకుని ఇంటింటికీ తిరిగి వేలు గుచ్చి రక్తం పూతలు తీసినవాళ్ళే, ఆ పురుగు పిల్లలు రాత్రి పూటే రక్తంలోకి దిగుతాయి కాబట్టి. శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల్లోనూ తరాల నుంచి ఉంది ఇది. అంచేత మగాడికి కింద వాపు కనబడితే ఇంటిల్లిపాదీ చెప్పేది ఒకటే మాట, వరిబీజం. చాలాసార్లు నిజమే. మా రేడియాలజిస్ట్ ఫ్రెండ్ ఒకసారి పిలిచి చూపించింది, స్కానింగ్ తెర మీద పురుగులు గిలగిల్లాడుతూ కనబడతాయి, దాని పేరే ఫైలేరియా డాన్స్. గాని ఇరవై రెండేళ్ళ కుర్రాడికి నీరు పట్టిందంటే ఆ నీటి వెనకాల గట్టి గడ్డ దాక్కుని ఉండొచ్చు. స్కానింగ్ లేకుండా అక్కడ సూది గుచ్చి నీళ్ళు తీసీడం మంచిది కాదండి. కాంపౌండర్ చేశాడా, పెద్ద డాక్టర్ చేశాడా అని కాదు, ఎవరు చేసినా మంచిది కాదు.

ఎందుకు కాదో చెప్తాను, ఇది తెలిస్తే మిగతాదంతా తెలుస్తుంది. బీజం పుట్టేది కింద కాదు. కడుపులో పిల్లాడికి అది కిడ్నీల పక్కన పుడుతుంది, అక్కణ్ణుంచి మెల్లగా జారుకుంటూ తన రక్తనాళాల్ని, ఒంట్లో నీరు మోసే తన లింఫు గొట్టాల్ని వెంట లాక్కుంటూ గజ్జల్లోంచి తిత్తిలోకి దిగుతుంది. పెళ్ళయి అత్తారింటికి వెళ్ళినా పుట్టింటి దారి మరిచిపోనట్టు, అక్కడ క్యాన్సర్ వస్తే అది ముందు పాకేది పొట్ట లోపల కిడ్నీల దగ్గర లింఫు బిళ్ళలకే. తిత్తి మీద చర్మం అలా కాదు, దాని లింఫు గజ్జల్లో బిళ్ళలకి పోద్ది. మనం పైనుంచి సూది గుచ్చామో, తిత్తి మీద కోత పెట్టామో, లేని దారి ఒకటి తెరిచినట్టు. అందుకే బీజంలో గడ్డ అనుమానం ఉంటే మామూలు గడ్డలకి చేసినట్టు పైనుంచి సూది పరీక్ష చెయ్యం, ముక్క తియ్యం. గజ్జల దగ్గర కోత పెట్టి, బీజాన్ని పైకి లాగి, దాని తాడుని ముందే బిగించి ఆపుతాం. గడ్డ పెద్దది, స్కానింగ్‌లో స్పష్టంగా క్యాన్సర్‌లా ఉంది, రక్తపరీక్షలో క్యాన్సర్ మార్కర్లు పెరిగాయి అంటే ఇంక ఆలోచన లేదు, బీజం మొత్తం తీసీడమే. అక్కడ నాకు ఫోన్ చెయ్యక్కర్లేదు కూడా. తీసీసి ముక్క చెడకుండా ఉంచే ఫార్మాలిన్‌లో వేసి పంపిస్తే వారం లోపు రిపోర్ట్ ఇస్తాను.

ఫోన్ వచ్చేది మధ్యలో వాటికి. పిల్లలు పుట్టట్లేదని స్కానింగ్‌కి వెళ్తారు, లేకపోతే బైక్ మీంచి పడి దెబ్బ తగిలి వెళ్తారు, అక్కడ 8 మిల్లీమీటర్లు, 11 మిల్లీమీటర్లు, చేతికి తగలని నల్లటి మచ్చ కనబడుతుంది. పూర్వం ఈ మచ్చలు కనబడేవి కావు. స్కానింగ్ మెషీన్లు బాగుపడే కొద్దీ మా తలనొప్పి పెరిగింది. మార్కర్లు అంటే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అని మూడు రక్తపరీక్షలు, అవి నార్మల్‌గా ఉంటాయి, నార్మల్ అంటే క్యాన్సర్ లేదని కాదు, సెమినోమా అనే క్యాన్సర్ గడ్డ ఏఎఫ్‌పీని పెంచనే పెంచదు. ఇలాంటి చిన్న మచ్చల్లో చాలా వాటికి క్యాన్సర్‌తో పని లేదు. లేడిగ్ సెల్ గడ్డ అని ఒకటి, కోస్తే గోధుమరంగులో ఉంటుంది, ఎక్కువ శాతం సాధువే. చర్మం లాంటి పొర లోపల మడతపడి ఏర్పడే ఎపిడెర్మాయిడ్ తిత్తి, అంటే బీజం లోపలే చిన్న సంచి లాంటి గడ్డ, ఒకటి. పాత దెబ్బకి రక్తం గడ్డకట్టినది, టీబీ, రక్తం అందక చచ్చుబడిన కొద్దిపాటి భాగం. అడ్రినల్ గ్రంథి జబ్బు పుట్టుకతో ఉన్న పిల్లలకి రెండు పక్కలా వచ్చే గడ్డలున్నాయి, వాటికి ఆపరేషనే వద్దు, మాత్రలు సరిగ్గా వాడితే చాలు. ఇలాంటి వాటికి బీజం పీకీసి, తర్వాత రిపోర్ట్ చేతికిచ్చి "బాబూ నీకు క్యాన్సర్ లేదు, కంగ్రాచ్యులేషన్స్" అంటే ఎలాగుంటుంది చెప్పండి.

అందుకే ఫ్రోజెన్ సెక్షన్, అంటే ముక్కని గడ్డకట్టించి అప్పటికప్పుడే కోసి చూడటం.

మామూలుగా ముక్క ఫార్మాలిన్‌లో నానాలి, తర్వాత మైనంలో బిగియాలి, అప్పుడు కొయ్యాలి, రోజులు పడుతుంది. పచ్చి ముక్క మెత్తగా ఉంటుంది, పలచగా కొయ్యలేం, పచ్చి మాంసం మన ఇంట్లో కూడా అంతే, ఫ్రిజ్‌లోంచి తీసి గట్టిగా ఉన్నప్పుడయితే సన్నగా తెగుతుంది. అదే కిటుకు. 1905 జనవరిలో అమెరికాలో మేయో క్లినిక్‌లో లూయీ విల్సన్ అనే పాథాలజిస్ట్‌ని సర్జన్ విలియం మేయో అడిగాడట, రోగి బల్ల మీద ఉండగానే క్యాన్సరో కాదో చెప్పే దారి చూడరాదా అని. మినెసోటాలో జనవరి అంటే మంచు. ఆయన ముక్కని కిటికీ బయట పెట్టి గడ్డకట్టించి, పలచగా కోసి, మిథిలీన్ బ్లూ రంగు వేసి చూశాడు. అదే మన శ్రీకాకుళంలో జనవరిలో కిటికీ బయట పెడితే కాకి ఎత్తుకుపోద్ది. (నవ్వులు) మనకి క్రయోస్టాట్ ఉండాలి. ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ అంత పెట్టె, లోపల మైనస్ 20 డిగ్రీలు, అందులోనే కోసే కత్తి.

ముక్క వస్తుంది. చిన్న ఇత్తడి గుండీ లాంటి దాని మీద జిగురు జెల్ పోసి, ముక్క పడుకోబెట్టి, మళ్ళీ పైన జెల్ పోస్తాం. రెండు మూడు నిమిషాల్లో ఆ జెల్ పారదర్శకం నుంచి పాలలాగ తెల్లబడుతుంది, అప్పుడు గడ్డకట్టినట్టు. చక్రం తిప్పితే 5 మైక్రాన్ల పొర వస్తుంది. మన తల వెంట్రుక 70, 80 మైక్రాన్లు ఉంటుంది, దాన్ని పదిహేను పొరలు చేస్తే ఒక్కో పొర అంత. ఆ పొర చుట్టుకుపోకుండా చిన్న బ్రష్‌తో పట్టుకుని, బయట వెచ్చగా ఉన్న గాజు స్లైడ్‌ని మెల్లగా దగ్గరకి తెస్తే టక్కున అదే ఎగిరి అంటుకుంటుంది. ఇన్నేళ్ళయినా ఆ అంటుకోవడం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. తర్వాత రంగులు, మందులు వరసగా, హెమటాక్సిలిన్, నీళ్ళు, ఇయోసిన్, ఆల్కహాల్, జైలీన్, మూత. ముక్క చేతికొచ్చిన దగ్గర్నుంచి ఫోన్ చేసేదాకా 20 నిమిషాలు అన్నది అన్ని చోట్లా ఒప్పుకున్న లెక్క.

ఆ 20 నిమిషాలూ అక్కడ బీజం ఊరికే ఉండదు, తాడు బిగించి ఉంటుంది కాబట్టి రక్తం ఉండదు, అందుకే చాలామంది సర్జన్లు ఐస్ పెట్టి ఉంచుతారు. మా యూరాలజిస్ట్ ఒకాయన భావనపాడు వైపు వాడు, "మేడమ్, మా ఊళ్ళో చేపని కూడా ఇంత జాగ్రత్తగా ఐస్‌లో పెట్టరు" అంటాడు.

ఒక కుర్రాడి సంగతి చెప్తాను, గుర్తుపట్టే వివరాలు మార్చేశాను. సముద్రం పని. ఏడాదిలో తొమ్మిది నెలలు గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద, మిగతా మూడు నెలలు ఇంటి దగ్గర. పెళ్ళయి నాలుగేళ్ళు, పిల్లల్లేరు. భార్యకి అన్ని పరీక్షలూ అయ్యాక, తిట్లన్నీ ఆ పిల్లే తిన్నాక, చివరికి ఇతన్ని స్కానింగ్‌కి పంపేరు. కుడి బీజం చిన్నప్పుడు దిగక ఎండిపోయి బఠాణీ అంత ఉంది. పనిచేసేది ఎడమది ఒక్కటే. ఆ ఒక్కదాంట్లో 12 మిల్లీమీటర్ల గడ్డ. మార్కర్లు నార్మల్. తీసీస్తే పిల్లల ఆశ పోయినట్టే, పైగా జీవితాంతం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు. ఉంచితే, అది క్యాన్సరయితే? వాళ్ళమ్మ వచ్చింది నా దగ్గరికి, ల్యాబ్ దాకా ఎవరూ రారు, ఆవిడ అడిగి అడిగి వచ్చేసింది. "ఓలమ్మా, నువ్వేనా సెప్పేది? కాస్త మంచిగ సెప్పమ్మా" అంది. మంచిగా చెప్పడం నా చేతిలో ఉంటే ఇంకేటి కావాలి.

ఆపరేషన్‌కి ముందు మంచి పని ఒకటి చేశారు, విశాఖపట్నం పంపించి కొద్దో గొప్పో దొరికిన విత్తనం, అంటే వీర్యం, దాచిపెట్టించారు, అది నైట్రోజన్‌లో మైనస్ 196 దగ్గర ఉంటుంది. బతికుండడానికి ఒకటి గడ్డకట్టించాలి, చూడ్డానికి ఇంకోటి గడ్డకట్టించాలి, ఆ వారమంతా ఇదే గొడవ. సంతకాలు కూడా రెండు రకాలుగా, ఉంచొచ్చు, తీసీనూ వచ్చు, మెలకువ వచ్చాకే తెలుస్తుంది అని అతనికి అర్థమయ్యేలా చెప్పి తీసుకున్నారు. ఈ సంతకం లేకుండా ఫ్రోజెన్‌కి దిగకూడదు.

ముక్క వచ్చింది. నేను కత్తి పెట్టగానే లోపల్నుంచి తెల్లగా పొరలు పొరలుగా పొడి రాలింది, ఉల్లిపాయ అడ్డంగా కోస్తే చుట్లు కనబడతాయి చూడండి, అచ్చం అలాగే. స్కానింగ్‌లో కూడా అదే ఉల్లి చుట్టు కనబడింది అని రేడియాలజిస్ట్ ముందే రాసింది, గాని రాయడం వేరు నమ్మి వదిలీడం వేరు. స్లైడ్ మీద ఆ గడ్డ గోడ చూశాను, చర్మం లాంటి పొర ఉంది, లోపల ఆ పొడి, కెరటిన్ అంటాం, అది ఉంది. అక్కడితో ఆగిపోకూడదు. ఆ గోడలో వెంట్రుక కుదుళ్ళు, చెమట గ్రంథులు, మృదులాస్థి ఇలాంటివేమైనా ఉన్నాయా, ఉంటే అది టెరటోమా అనే, క్యాన్సర్ కాగల గడ్డ వైపు వెళ్తుంది, కథ మారిపోద్ది. లేవు. తర్వాత గడ్డ పక్కన మంచి భాగం నుంచి ఇంకో ముక్క అడిగాను, బీజం లోపలి సన్నగొట్టాల్లో క్యాన్సర్ మొలకలు దాక్కుని ఉండొచ్చు, జీసీఎన్‌ఐఎస్ అంటాం, అవి ఫ్రోజెన్‌లో పట్టుకోవడం కష్టం, అయినా చూడాలి. అనుమానంగా ఏదీ కనబడలేదు. ఫోన్ ఎత్తి "ఎపిడెర్మాయిడ్ తిత్తి, ఉంచీయండి, పక్క ముక్క పూర్తి రిపోర్ట్ తర్వాత ఇస్తాను" అన్నాను. అవతల సిస్టర్ "ఉంచీమన్నారు" అని గట్టిగా చెప్పడం వినబడింది. వారానికి మైనం బ్లాక్‌ల రిపోర్ట్ కూడా అదే వచ్చింది.

ఇది చెప్పి దిగిపోతే మీరందరూ ఫ్రోజెన్ అంటే మంత్రం అనుకుంటారు. రెండోది కూడా చెప్పాలి.

34 ఏళ్ళ ఆయన. రెండూ బాగానే ఉన్నవాడు. కొన్నాళ్ళు జ్వరం, నొప్పి, యాంటీబయాటిక్స్ వాడేడు, నొప్పి తగ్గింది, స్కానింగ్‌లో 14 మిల్లీమీటర్ల మచ్చ మాత్రం తగ్గలేదు. మార్కర్లు నార్మల్. ఆపరేషన్ టైములో ముక్క వచ్చింది. చూస్తే అంతా గ్రాన్యులోమాలు, లింఫోసైట్లు, టీబీలో ఉండే లాంటి వాపు. మనది టీబీ దేశం, చెయ్యి అటే లాగుతుంది. నాకు ఎక్కడో అనుమానం ఉంది, ఎందుకంటే సెమినోమా అనే గడ్డకి ఒక మాయ ఉంది, తన చుట్టూ ఇలాంటి వాపుని తనే పోగేసుకుంటుంది, ఒక్కోసారి ఆ వాపు గడ్డ కణాల్ని పూర్తిగా కప్పేస్తుంది. పైగా గడ్డకట్టించినప్పుడు ముక్కలో ఉన్న నీరు మంచు సూదుల్లాగ మారి కణాల్ని చీలుస్తుంది, బీజం మెత్తటి అవయవం, అందులో నీరెక్కువ, కణాలు ఉబ్బి, చెదిరి, అస్పష్టంగా కనబడతాయి. ఇంకో రెండు బ్లాక్‌లు పెట్టించాను, టైము 20 కాదు 40 నిమిషాలయింది, మత్తు డాక్టర్ రెండుసార్లు ఫోన్ చేయించాడు. చివరికి "గ్రాన్యులోమాలు ఉన్నాయి, క్యాన్సర్ కణాలు కనబడట్లేదు, గాని లేవని నేను చెప్పలేను, ఆగండి" అన్నాను. సర్జన్ ఉంచీసి మూసేరు.

అయిదో రోజు మైనం స్లైడ్లు వచ్చాయి. గ్రాన్యులోమాల మధ్యన ఒక్కొక్కటీ విడివిడిగా, పెద్ద పెద్ద తెల్లటి కణాలు. ఓసీటీ 4 అనే ప్రత్యేకమైన రంగు పరీక్ష పెడితే అవన్నీ గోధుమరంగులో వెలిగేయి. సెమినోమా. ఆయన్ని మళ్ళీ పిలిచి అదే కోత మళ్ళీ తెరిచి బీజం తీసేరు. వాళ్ళన్నయ్య నా మీదకొచ్చేడు. "మొదటే తీసీస్తే అయిపోను గదా మేడమ్, రెండుసార్లు కోస్తారేటి?" అని. నా దగ్గర జవాబుంది, గాని ఆయన ముందు ఆ జవాబు చెప్పబుద్ధి కాలేదు, సారీ అండీ అని ఊరుకున్నాను. పేషెంట్ మాత్రం బాగానే ఉన్నాడు, జబ్బు పాకలేదు, చెకప్‌కి వస్తున్నాడు.

ఆ తర్వాత నా పద్ధతి ఒకటి మార్చుకున్నాను. ఇప్పుడు ముక్క రాగానే గడ్డకట్టించే ముందే, కోసిన ముఖాన్ని స్లైడ్‌కి మెల్లగా తాటించి ముద్ర వేసుకుంటాను, ఇంప్రింట్ అంటాం. ఒకటి ఆల్కహాల్‌లో, ఒకటి గాలికి ఆరబెట్టి జీమ్సా రంగు. మంచు తగల్లేదు కాబట్టి కణాలు చెడవు. సెమినోమా అయితే జీమ్సా స్లైడ్‌లో ఆ కణాల వెనకాల చారలు చారలుగా నురగ అల్లిక లాంటిది కనబడుతుంది, పులి చారల్లాగుంటుందని టైగ్రాయిడ్ అని పేరు పెట్టేరు. దానికి కావాల్సింది స్లైడు, రంగు, ఒక చెయ్యి. మెషీన్ అక్కర్లేదు. ఆ రోజు ఇంప్రింట్ తీసుంటే నాకు కనబడేదా? ఏమో, కణాలే తక్కువ అందులో. అయినా తీస్తున్నాను.

ఇంకో పాత పద్ధతి ఉంది, కంటితో చూసేది, దీన్ని నేను మా జూనియర్లకి తప్పకుండా చూపిస్తాను. మంచి బీజాన్ని కోసి, చిమటాతో లోపలి పదార్థాన్ని పట్టుకుని పైకి లాగితే సేమియాలాగ తీగలు తీగలుగా సాగుతుంది, అవి లోపలి సన్నగొట్టాలు. గడ్డ ఉన్న చోట సాగదు, ముద్దలాగ తెగిపోద్ది. సెమినోమా కోసిన ముఖం అయితే కోసిన బంగాళదుంపలా తెల్లగా, ఒకేలా ఉంటుంది. స్లైడ్ కంటే ముందు చెయ్యి చెప్తుంది సగం.

ఫ్రోజెన్ చెయ్యాలంటే పాథాలజిస్ట్‌కి ముందు రోజే చెప్పాలి, ఇది సర్జన్లకి దండం పెట్టి చెప్తున్నాను. ఒక హాస్పిటల్లో, పేరొద్దు, ముక్క తీసి అలవాటుగా ఫార్మాలిన్‌లో ముంచి పంపించేరు, డబ్బా మీద ఫ్రోజెన్ అని రాసుంది! ఫార్మాలిన్‌లో పడ్డ ముక్క సరిగ్గా గడ్డకట్టదు, స్లైడ్‌కి అంటుకోదు. పేషెంట్ బల్ల మీద ఉన్నాడు. ఇంకో ముక్క తియ్యండి అంటే, గడ్డ 9 మిల్లీమీటర్లు, మొత్తం ఇచ్చేశాం మేడమ్ అన్నారు. నాకు నోటమాట రాలేదు. ఆ రోజు ఏం చేశామన్నది ఇక్కడ చెప్పను.

సరే, నేనే మాట్లాడుతున్నాను, అడగండి.

(సభలోంచి ఒకరు: ఒక్కటి ఉంటే పిల్లలు పుడతారా మేడమ్?)

పుడతారు బాబూ, ఆ ఒక్కటీ ఆరోగ్యంగా ఉంటే పిల్లలకీ చాలు, మగతనానికీ చాలు. దీని గురించి సంబంధాలు తప్పిపోయిన ఇళ్ళు నాకు తెలుసు, అది జబ్బు చేసిన పని కాదు.

(ఇంకొకరు: అయితే ప్రతి గడ్డకీ ఈ పరీక్ష చేయించమని మేం అడగొచ్చా?)

అడగొచ్చు గాని అవసరం ఉండాలి. పెద్ద గడ్డ, మార్కర్లు ఎక్కువ, రెండో పక్క బాగుంది, అలాంటప్పుడు తీసీమంటే తీయించుకోండి, ఆలస్యం చెయ్యొద్దు. ఇది పనికొచ్చేది గడ్డ చిన్నది, 2 సెంటీమీటర్ల లోపు, మార్కర్లు నార్మల్, స్కానింగ్ అటూ ఇటూ చెప్పట్లేదు అన్నప్పుడు. ముఖ్యంగా ఉన్నది ఒక్కటే బీజం అయినప్పుడు, లేదా రెండింటిలోనూ గడ్డలున్నప్పుడు. అలాంటి కేసు అయితే "ఉంచే అవకాశం ఉందా డాక్టరు గారూ" అని ఒక్కమాట అడగండి, తప్పులేదు. మన దగ్గర మెషీన్ లేకపోతే విశాఖపట్నం వెళ్ళి చేయించుకోవచ్చు, ఒకటి రెండు వారాల్లో కొంప మునగదు. నెలల తరబడి మాత్రం నానబెట్టొద్దు. అరవై దాటినవాళ్ళకి బీజంలో గడ్డంటే లింఫోమా అనే ఇంకో రకం క్యాన్సర్ గుర్తుకు రావాలి, అది వేరే లెక్క.

(ఒక టెక్నీషియన్: మేడమ్, కరెంట్ పోతే?)

అది అడుగు, అది అసలు ప్రశ్న! క్రయోస్టాట్ ఆగిపోతే మళ్ళీ మైనస్ 20కి రావడానికి గంటలు పడుతుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గుర్తుందిగా, పలాస వైపు కొబ్బరి, జీడి తోటలన్నీ పడిపోయి ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో. అలాంటప్పుడు ఫ్రోజెన్ కేసు పెట్టుకోవద్దు, వాయిదా వేసుకోండి, ఇది ఎమర్జెన్సీ కాదు. మామూలు రోజుల్లో జెనరేటర్ లైన్ మీద మెషీన్ ఉందో లేదో నువ్వే వెళ్ళి చూసుకో, ఎలక్ట్రీషియన్ ఉందన్నాడని నమ్మకు. రాత్రి పూట ఆపీయకండి కరెంట్ ఆదా అని. బ్లేడు ప్రతి కేసుకీ కొత్త అంచు వాడండి, బ్రష్ లోపలే ఉంచండి, బయట పెడితే వెచ్చబడి పొర దానికే అంటుకుపోద్ది. టీబీ అనుమానం ఉన్న ముక్కయితే మాస్క్ వేసుకోండి, అయ్యాక లోపలంతా శుభ్రం చెయ్యండి, ఆ పొడి మీ ఊపిరిలోకే వెళ్తుంది. ఇంకా డబ్బా సంగతి, థియేటర్‌కి మీరే ఖాళీ డబ్బా పంపించండి, మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఎర్ర స్కెచ్ పెన్‌తో "ఇందులో ఏమీ పోయకూడదు, వెంటనే ల్యాబ్‌కి" అని రాసి. ఇంగ్లీషులో రాస్తే ఎవరూ చదవట్లేదు, తెలుగులో రాశాక మా దగ్గర మళ్ళీ ఫార్మాలిన్ పోసినవాళ్ళు లేరు. సెలైన్ కూడా పొయ్యొద్దు, నీళ్ళల్లో నానితే మంచు సూదులు ఇంకా ఎక్కువవుతాయి. సెలైన్‌లో తడిపి బాగా పిండిన గాజుగుడ్డ ముక్కలో చుట్టి పెడితే చాలు.